“నీ ఇష్టం రా” అంటే ఒప్పుకున్నట్టేనా?

నెల్లూరు నుంచి ఒక చిత్రకారుడు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనే మార్చాను. ఉత్తరం సారాంశం ఇదీ.

ఆయనకు 39 ఏళ్ళు. తండ్రి సినిమా కటౌట్లు, కొట్ల బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ బ్రష్‌లు అటకెక్కాయి. కొడుకు మాత్రం రంగు వదల్లేదు. మద్రాసులో ఒక పెద్దాయన దగ్గర కొన్నేళ్ళు ఉండి పాత పద్ధతి తైలవర్ణం నేర్చుకున్నారు. ముందు బొమ్మంతా బూడిదరంగులో కట్టుకుంటారు. అది ఆరాక పల్చటి రంగు పొరలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటూ పోతారు. సొంత బొమ్మ వేసేటప్పుడు మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప బ్రష్ పట్టుకోరు. ఇల్లు గడిచేది మాత్రం పెద్దకర్మలకు ఫోటో చూసి వేసిచ్చే పటాలతో.

ఏడో ఏట తల్లి పోతే ఆయన్ని పెంచింది అక్క. ఆమెకు ఇప్పుడు 52. భర్త పోయి పదహారేళ్ళయింది. అప్పట్నుంచి కారం దోసెల బండి పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని సాకింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. కూతురికి కందుకూరు వైపు సంబంధం మాటల్లో ఉంది, కుదిరితే మాఘంలో ముహూర్తం.

నిరుడు ఈయన అక్కను బొమ్మకు కూర్చోమని అడిగారు. పదకొండు నెలల్లో నలభై ఆదివారాలు, మధ్యాహ్నం రెండేసి గంటలు ఆమె వచ్చి కూర్చుంది. అయిదడుగుల కాన్వాసు. తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చున్న మనిషి, మంట వెలుగు తప్ప మరో వెలుగు లేదు. నెరిసిన జుట్టు, బొట్టు లేని నుదురు, పెనం అంచు తగిలి కాలిన మచ్చలున్న చేతులు. బొమ్మ పూర్తయి రెండు నెలలైంది. చూసినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. రొయ్యల చెరువులున్న ఒకాయన హైవే మీద కావలికీ నెల్లూరుకీ మధ్య హోటలు కడుతున్నారు. దసరాకి ప్రారంభం. ఆ బొమ్మను 3,50,000 రూపాయలకు అడిగారు. హాల్లో పెడతారట, మెనూ కార్డుల మీదా బయట బోర్డు మీదా ముద్రించుకుంటారట. ఆ డబ్బు మేనకోడలి పెళ్ళికి ఇద్దామని ఈయన ఆశ.

మేనల్లుడు ఒప్పుకోవడం లేదు. “మా అమ్మ దోసెలు పోసి మమ్మల్ని సాకిందని హైవే మీద బోర్డు కట్టాలా మామా?” అన్నాడు. పెళ్ళివారు రేపు ఆ దారినే రావాలి. అమ్మేటట్టయితే నుదుటిన బొట్టు పెట్టు, లేదా మొహమే మార్చెయ్ అంటున్నాడు. ఈయన భార్యేమో అమ్మెయ్యమంటోంది. అక్కను అడిగితే “నీ ఇష్టం రా అబ్బయ్యా” అంది. పైగా హైదరాబాదులో ఒక గ్యాలరీ మనిషి ఈ బొమ్మ ఫోటో చూసి, ఇది క్యాలెండర్ బొమ్మ, వందేళ్ళ వెనకటి పని అన్నారట. ఆ మాట కూడా ముల్లులా గుచ్చుకుని ఉంది. “నేను చేస్తున్నది తప్పా? అమ్మాలా, మానాలా?” అని అడుగుతున్నారు.

జవాబు:

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఎవరి మాటలు ఎంతున్నాయో గీత గీసుకుంటూ చదివాను. మేనల్లుడి మాటలు పేజీన్నర. హోటలాయనవి ఒక పేజీ. మీ ఆవిడవి అర పేజీ. గ్యాలరీ మనిషివి నాలుగు వాక్యాలు. మీ అక్కవి రెండే. ఒకటి “నీ ఇష్టం రా అబ్బయ్యా”. రెండోది, పూర్తయిన బొమ్మ ముందు చాలాసేపు నిలబడి ఆమె అన్నదని మీరు రాసిన మాట: “నేనిట్టా ఉండానా రా?”

తొమ్మిది పేజీలూ ఆమె మొహం గురించే. అందులో ఆమె మాటలు రెండు వరసలు. మీరు కావాలని చేశారని అనడం లేదు. ఆమె అంతే మాట్లాడి ఉంటుంది. కానీ మీకు కావలసిన జవాబు మేనల్లుడి పేజీన్నరలో లేదు, నా దగ్గరా లేదు. ఆ రెండు వరసల వెనకాల ఉంది. అక్కడికి వెళ్ళడానికి మీకు నేను తోడు రాగలను, అంతవరకే.

మొదట “నీ ఇష్టం”. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఈ మాట ఎన్ని రకాలుగా అంటారో మీరూ చూసే ఉంటారు. నిజంగా ఇష్టమై అనేది ఒకటి. నాకు ఇష్టం లేదని చెప్తే నువ్వు నొచ్చుకుంటావు కాబట్టి అనేది ఒకటి. నా మాట ఎప్పుడు చెల్లింది గనక అనే అర్థంతో అనేది ఇంకొకటి. మీ అక్క ఇరవయ్యేళ్ళ వయసులో ఏడేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకున్న మనిషి. మీరు అడిగినదేదీ ఆమె ఇన్నేళ్ళలో కాదన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మద్రాసు వెళ్తానంటే మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టిందని మీరే రాశారు. అలాంటి మనిషి మీ బొమ్మకు వద్దని చెప్పగలదా? తమ్ముడి కష్టాన్ని కాదనడం ఆమెకు చేతకాదు. అందుకని ఆమె “నీ ఇష్టం” అన్నదాన్ని ఒప్పుదల కింద రాసుకోకండి. కాదన్నట్టుగానూ రాసుకోకండి. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు, అంతే.

ఇంకోటి. కూర్చోవడానికి ఒప్పుకోవడం వేరు, కనపడటానికి ఒప్పుకోవడం వేరు. నలభై ఆదివారాలు ఆమె కూర్చున్నది తమ్ముడి ఎదుట. మూసిన గదిలో, మీరు చీకటి కోసం కట్టిన నల్లగుడ్డల మధ్య. నాకు తెలిసి ఆ పదకొండు నెలలూ ఆమెకు ఇష్టమైన కాలమే అయి ఉంటుంది. పదహారేళ్ళుగా తెల్లవారుజామున లేచి పిండి కలిపిన మనిషికి వారానికి రెండు గంటలు కదలకుండా కూర్చునే పని దొరికింది, అదీ తమ్ముడి పక్కన. అప్పుడు ఆమె హైవే మీద బోర్డుకి ఒప్పుకోలేదు. అసలు ఆ ప్రశ్నే లేదు. ఇప్పుడు కొత్త ప్రశ్న వచ్చింది, దానికి కొత్తగా అడగాలి.

నేనూ ఒకసారి బొమ్మకు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళప్పుడు, ఒంగోల్లో, బంధువు ఒకాయన అడిగితే. కాలు తిమ్మిరెక్కడం, ముక్కు దురదపెట్టడం, అవన్నీ అరగంటలో అలవాటవుతాయి. అలవాటు కానిది ఒకటే. అవతలి మనిషి నన్ను చూస్తున్నాడు, కానీ నాతో లేడు. నా చెంప మీద నీడ ఎక్కడ తిరుగుతోందో చూస్తున్నాడు. ఆ చూపు చెడ్డది కాదు. కానీ దాని ముందు మనిషి ఒక వస్తువులా ఒదిగిపోవాలి. చివర్లో బొమ్మ చూపించినప్పుడు నా గడ్డం కింద ఒక గీత కనపడింది. అప్పటిదాకా అది నాకు తెలీదు. తర్వాత చాలా ఏళ్ళు ఫోటో అంటే గడ్డం ఎత్తి పెట్టేదాన్ని. ఆయన అబద్ధం గీయలేదు. నిజమే గీశాడు. ఆ నిజం నాకు అక్కర్లేదు, అంతే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ ఉత్తరం ఆరో పేజీలో మీరు వేరే సంగతి చెప్తూ మధ్యలో ఒక వాక్యం వదిలారు: “ఈమధ్య అక్క ఎవరైనా వస్తే చేతులు కొంగులో పెట్టుకుంటోంది, చలికేమో.” నెల్లూర్లో, ఈ నెలలో, పొయ్యి దగ్గర ఉండే మనిషికి చలా? మీరు చిత్రకారులు. వేళ్ళ మీద మంట వెలుగు ఎలా పడుతుందో పదకొండు నెలలు చూసిన కళ్ళు మీవి. ఆ చేతులు కొంగులోకి ఎందుకు వెళ్ళాయో చూడలేకపోయారంటే, బొమ్మ పూర్తయ్యాక చూడటం ఆపేశారన్నమాట. ఈ మాట మీకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను.

“నేనిట్టా ఉండానా రా?” అన్నది మీరు మెచ్చుకోలు అనుకున్నారు. కావచ్చు. ఇన్నాళ్ళకి ఎవరో నన్ను చూశారు అనే ఆశ్చర్యం కావచ్చు. ఇంత ముసలిదాన్నయ్యానా అనే దిగులూ కావచ్చు. రెండూ ఒకే మాటలో ఉండొచ్చు. నాకు తెలీదు. అడిగితే గానీ మీకూ తెలీదు.

మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉన్న దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ మీకు తెలియకుండా ఉండదు. చేత్తో దీపాన్ని అడ్డుకుంటే వేళ్ళ సందుల్లోంచి వెలుగు ఎర్రగా తోస్తుంది, ఆ బొమ్మ. చాలామంది రవివర్మ వేశాడనుకుంటారు. వేసింది ఎస్.ఎల్. హల్దంకర్, 1945-46 ప్రాంతంలో, నీటి రంగుల్లో. ఎదుట నిలబడింది ఆయన కూతురు గీత. ఆ తర్వాత ఆ బొమ్మ నకళ్ళు దేశమంతా గోడలకెక్కాయి. గీతా ఉప్లేకర్ 2018లో 102వ ఏట పోయినప్పుడు, ఆ దీపం పట్టుకున్నది ఈవిడా అని చాలామందికి మొదటిసారి తెలిసింది. మీ బొమ్మ లాగే అదీ ఒకే ఒక్క వెలుగు మీద నిలబడిన బొమ్మ, ఇంటి మనిషినే ఎదుట పెట్టుకుని వేసిన బొమ్మ. కానీ ఒక తేడా ఉంది. దీపం పట్టుకున్న అమ్మాయి ఎవరో ఊరికి తెలీదు. మీ అక్క ఎవరో హైవే మీద వెళ్ళే నెల్లూరు వాళ్ళలో పదిమందిలో ఇద్దరు గుర్తుపడతారు. ఆమె బండి దగ్గర వాళ్ళు దోసెలు తిన్నారు. పైగా బొమ్మలో ఉన్నది దీపం పట్టుకుని నవ్వే అమ్మాయి కాదు. ఆమె కష్టం. మనిషి అందం పదిమందికీ కనపడటానికీ, మనిషి కష్టం పదిమందికీ కనపడటానికీ ఒకే ధైర్యం సరిపోదు.

ఇక మీ మేనల్లుడు. అతని మీద మీకు కోపంగా ఉంది, తల్లి పనిని చూసి సిగ్గుపడుతున్నాడని. అలా తీసేయకండి. పదో తరగతిలో స్నేహితులు బండి దగ్గరికి వస్తే ఇంటి వెనక్కి పోయి దాక్కునేవాడని మీరే రాశారు. ఆ పిల్లవాడు ఇంకా ఆ ఇంటి వెనకే ఉన్నాడు. అతని భయంలో సగం చెల్లెలి పెళ్ళి గురించి. సంబంధాల దగ్గర బొట్టు లేని నుదురు బొమ్మ, దోసెల బండి, ఇవి ఎక్కడెక్కడ ఏ మాటై తేలతాయో మనకు తెలియనిది కాదు. మిగతా సగం అతని సొంతం. దాన్ని మీరు తిట్టి పోగొట్టలేరు. కాకపోతే ఒక్క విషయంలో అతను పొరబడుతున్నాడు. అది “మా అమ్మ” బొమ్మ కాబట్టి తను నిర్ణయించాలనుకుంటున్నాడు. మీరేమో “నా బొమ్మ” కాబట్టి మీరు నిర్ణయించాలనుకుంటున్నారు. ఇద్దరూ ఆమెను దాటి మాట్లాడుకుంటున్నారు.

అతను అడిగిన మార్పుల సంగతి. నుదుటిన బొట్టు పెట్టడానికి మీకు అర నిమిషం చాలు. ఈ కాలంలో భర్త పోయినా బొట్టు పెట్టుకునేవాళ్ళు చాలామంది, అది మంచిదే. కానీ మీ అక్క పెట్టుకోదు. ఎందుకు పెట్టుకోదో ఆమెకు తెలుసు. ఆమె పెట్టుకోని బొట్టు మీరు పెడితే, ఊరు చెరిపిన బొట్టు ఒకటీ తమ్ముడు పెట్టిన బొట్టు ఒకటీ అవుతుంది. రెండిట్లోనూ ఆమె చెయ్యి లేదు. ఆమె తనంతట “పెట్టరా” అంటే మారుమాట్లాడకుండా పెట్టండి. మొహం మార్చడం మాత్రం చిత్రకారులుగా మీకు నేను చెప్పక్కర్లేదు. కింది పొరల కన్నా పైపొరలో నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే పగుళ్ళు వస్తాయి. ఎంత బాగా కప్పినా, నూనె రంగు ఏళ్ళు గడిచేకొద్దీ పల్చబడి లోపలిది పైకి తేలుతుంది. యూరప్ పాత బొమ్మల్లో చిత్రకారుడు చెరిపేసిన చేతులూ టోపీలూ మూడొందల ఏళ్ళకు మళ్ళీ బయటపడ్డాయి. వేరే మొహం కింది నుంచి మీ అక్క మొహం ఎప్పటికో చూస్తూ ఉంటుంది. పైగా చేతులు ఆమెవే కదా. ఆ చేతుల్ని గుర్తుపట్టడానికి మొహం అక్కర్లేదు.

హోటలాయన బేరంలో నిజానికి రెండు బేరాలున్నాయి, మీరు ఒకటే అనుకుంటున్నారు. కాన్వాసు కొనడం ఒకటి. మెనూ కార్డుల మీదా బోర్డు మీదా ముద్రించుకోవడం మరొకటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు మీ అంతట వేసుకున్న బొమ్మను తర్వాత ఎవరికైనా అమ్మితే, బొమ్మ వారిదవుతుంది గానీ దాన్ని అచ్చు వేసుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఆ హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో ఇవ్వాలి. కాబట్టి హాల్లో పెట్టుకోండి, ముద్రించడం మాత్రం కుదరదు అని మీరు చెప్పగలరు. రవివర్మ బొమ్మలు మహారాజుల గోడల మీద ఉన్నంతకాలం వాటిని చూసింది కొద్దిమంది. 1894లో ఆయన బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక అవే మొహాలు ప్రతి పూజగదికీ వెళ్ళాయి. గోడ మీద ఒక బొమ్మా చేతికొకటి చొప్పున కాగితమూ ఒకటి కావు. హోటలుకి వచ్చినవాడు గోడ మీది బొమ్మ ముందు ఆగి, తలెత్తి చూస్తాడు. మెనూ కార్డు మీది బొమ్మ మీద సాంబారు గిన్నె పెడతాడు. ఆ రెండోది మీ అక్కకు జరగకుండా ఆపడం మీ చేతిలో ఉంది. అచ్చు లేకపోతే ఆయన ధర తగ్గించవచ్చు, అసలు వద్దనీ అనవచ్చు. దానికి సిద్ధపడే చెప్పండి.

ఇంకో దారి మీరే రాశారు, హోటలు కోసం వేరే బొమ్మ వేసిస్తానని. వేయవచ్చు. డబ్బిచ్చి వేరే మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. కానీ చట్టంలో ఒక మెలిక ఉంది. ఎవరైనా ముందే డబ్బు మాట్లాడి తమ కోసం బొమ్మ వేయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోనప్పుడు దాని కాపీరైటు వేయించుకున్నవారిదే. అప్పుడు ఆ కూర్చున్న మనిషి మొహాన్ని ఆయన ఎక్కడ అచ్చేసినా మీరు ఆపలేరు. కాబట్టి ముందే కాగితం రాసుకోండి. ఆ మనిషికి కూడా హైవే, మెనూ కార్డు, అన్నీ కూర్చోకముందే చెప్పండి. అక్క దగ్గర జరిగిన పొరపాటు ఇంకొకరి దగ్గర జరగకూడదు. ఇంకొకటి కూడా ఆలోచించండి. రెండో బొమ్మ మొదటిదానిలా రాదు. నలభై ఆదివారాలు అక్క కూర్చుంటే వచ్చిన బొమ్మ అది. దసరా లోపు వేసేది బాగుండవచ్చు గానీ, అది వేరే బొమ్మ. ఆయనకు అది సరిపోతుందో లేదో చూపించి చెప్పండి.

దసరాకి ఇవ్వడం నాకు మరో కారణం వల్లా ఇష్టం లేదు. బొమ్మ పూర్తయి రెండు నెలలే. నూనె రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. ఆఖరి వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలని మీ గురువుగారూ చెప్పే ఉంటారు. వార్నిష్ లేని బొమ్మను హోటలు హాల్లో పెడితే తాలింపు పొగా నూనె ఆవిరీ నేరుగా రంగులోకి దిగుతాయి. నార్వే చిత్రకారుడు ఒడ్ నెర్‌డ్రుమ్ మీకు తెలుసు కదా, ఈ కాలంలో ఉండి పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పద్ధతిలో మనుషుల్ని వేసే ఆయన. 1980లలో ఆయన సొంతంగా కలుపుకున్న నూనె మిశ్రమంతో వేసిన కొన్ని బొమ్మలు తర్వాత వేడికి కరిగి రంగు కిందికి జారింది. అదీ చలిదేశపు మనిషికి. మే నెలలో 40 దాటే ఊరు మనది. “వార్నిష్ వేసేదాకా ఇవ్వలేను” అని మీరు హోటలాయనతో చెప్తే అది సాకు కాదు, నిజం. ఆ నిజం మీకు మాఘమాసం దాటేంత వ్యవధి ఇస్తుంది. పెళ్ళి మాటలు తేలిపోతాయి, మేనల్లుడి గుండె దడ తగ్గుతుంది, అక్కకు ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది. ఆయన ఆగకపోతే బేరం పోతుంది. 3,50,000 మీ ఇంట్లో చిన్న మొత్తం కాదు, ఆ సంగతి నేను తేలిగ్గా అనడం లేదు. మీ ఆవిడ అర పేజీలో రాయించినవి అప్పులే. ఆవిడ మాట కూడా ఇందులో లెక్కే. కానీ ఒక్కరు 3,50,000 అడిగిన బొమ్మను ఇంకొకరు అడగరని లేదు. మద్రాసు మూడు గంటల దారి.

అసలు అమ్మకపోవడం అనే దారీ ఉంది. అక్కకే ఇచ్చేయవచ్చు. ఆ అయిదడుగుల కాన్వాసు ఆమె ఇంట్లో ఏ గోడకు పడుతుందో, ఆమె దాన్ని రోజూ చూడాలనుకుంటుందో లేదో అడిగే ఇవ్వండి. అడక్కుండా ఇచ్చే కానుక కూడా బరువే.

డబ్బు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది చెప్పి తీరాలి. ఆ మొత్తం మేనకోడలి పెళ్ళికి ఇస్తానంటున్నారు. గంపలో కూర్చోబెట్టి పెళ్ళికూతుర్ని ఎత్తుకొచ్చే మేనమామ మీరు, ఇవ్వాలనే ఉంటుంది. కానీ అలా ఇస్తే అది మీరు చేసిన సాయం అవుతుంది. అక్క మీకు బాకీ పడుతుంది. బొమ్మ గురించి ఇక నోరెత్తలేదు. నలభై ఆదివారాలు, రెండేసి గంటలు, అంటే 80 గంటలు ఆమె పని చేసింది. బొమ్మల కాలేజీల్లో కూర్చునేవాళ్ళకు గంటకింత అని కట్టి ఇస్తారు. మీరు ఆమెకు ఏమీ ఇవ్వలేదు. తమ్ముడు అక్కకు కూలి ఇవ్వడమేమిటని మీకు అనిపించి ఉంటుంది, ఆమెకూ అనిపించి ఉంటుంది. బొమ్మ అమ్మినా అమ్మకపోయినా ఆ 80 గంటల డబ్బు ముందు ఆమె చేతిలో పెట్టండి. అమ్మితే వచ్చినదాంట్లో ఆమె వాటా ఎంతో ముందే తేల్చి, ఆమె పేరున వేయండి. అది పెళ్ళికి ఖర్చు పెడుతుందో, కొత్త బండి కొంటుందో ఆమె చూసుకుంటుంది. అప్పుడు ఆమె కాదన్నా అవునన్నా, తమ్ముడి మొహం చూసి అన్న మాట కాదు, తన లెక్క చూసుకుని అన్న మాట అవుతుంది.

గ్యాలరీ మనిషి మాట గురించి ఎక్కువ రాయను. 2021లో కరోనాతో పోయిన తమిళ చిత్రకారుడు ఇళయరాజా పల్లెటూరి ఆడవాళ్ళను అచ్చం మనిషి నిలబడ్డట్టే వేశాడు, ఆ బొమ్మలు చూసి మనవాళ్ళూ ఆగిపోయారు. నెర్‌డ్రుమ్‌ను నార్వేలో వెనకబాటు పని అని ఎన్నేళ్ళు అన్నారో, చివరికి 1998లో ఆయనే, నన్ను ఆర్టిస్టు అనకండి, నేను వేసేది కిచ్ అనే అనుకోండి అని చెప్పేశాడు. అంటే పనికిమాలిన అలంకారపు సరుకు అని వాళ్ళు తిట్టడానికి వాడే మాటనే తన పేరుగా పెట్టుకున్నాడు. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. మనిషిని మనిషిలా చూసి వేయడానికి వందేళ్ళ కిందట ఉన్న అవసరం ఇప్పుడు లేకుండా పోలేదు. పాతదా కొత్తదా అన్నది మీ బొమ్మకు వచ్చిన కష్టం కాదు. అది అంత బాగా కుదిరింది కాబట్టే ఇంట్లో గొడవ వచ్చింది. గ్యాలరీలు మరికొన్ని ఉన్నాయి, చూపిస్తూ ఉండండి.

అక్కతో మాట్లాడటానికి ముందు ఒక పని చేసి చూడమంటాను, వీలైతేనే. రెంబ్రాంట్ నలభై దాకా తన బొమ్మలే తైలవర్ణంలో వేసుకున్నాడు, ఆఖర్లో ఉబ్బిన ముక్కుతో సహా. మీరు ఎప్పుడైనా మీ మొహం వేసుకున్నారా? ఉత్తరంలో లేదు. అదే గదిలో, అదే నల్లగుడ్డల మధ్య, అక్కకు పెట్టిన ఆ ఒక్క దీపమే పెట్టుకుని, అద్దం ముందు మూడు ఆదివారాలు కూర్చోండి. వెనక్కి పోతున్న జుట్టూ, కళ్ళ కింద సంచులూ ఏదీ తగ్గించకండి. అయ్యాక అక్కను పిలిచి చూపించండి. ఆమె మీ బొమ్మను చూస్తున్నప్పుడు మీకు ఎక్కడ దాక్కోవాలనిపిస్తుందో గమనించుకోండి. ఆ తర్వాత ఆమెను అడగడానికి మీకు మాటలు దొరుకుతాయి.

అడిగేటప్పుడు మీ ఆవిడ, మేనల్లుడు పక్కన ఉండకూడదు. బండి దగ్గర కాదు, బొమ్మ ముందూ కాదు. అమ్మాలా వద్దా అని మొదలుపెట్టకండి, ఆ ప్రశ్నకు ఆమె దగ్గర “నీ ఇష్టం” సిద్ధంగా ఉంది. “ఆ రోజు నేనిట్టా ఉండానా అన్నావే, అది ఎందుకన్నావు?” అని అడగండి. చేతులు ఎందుకు దాచుకుంటున్నావని అడగండి. ఏడుస్తుందేమో. ఏడ్చినా ఆగండి. ఒకవేళ నవ్వి, “పోరా, మా అబ్బయ్య వేసిన బొమ్మ ఊరంతా చూస్తే నాకేంది” అంటే, అప్పుడు మేనల్లుడితో ఆమెనే మాట్లాడమనండి. అది మీరు చెప్పాల్సిన మాట కాదు.

మళ్ళీ “నీ ఇష్టం రా” అనే అంటే ఆ రోజుకి ఊరుకోండి. మళ్ళీ వచ్చే ఆదివారం, ఆమె కూర్చునే వేళకే, ఒకసారి వెళ్ళండి. రంగు ఎలాగూ ఆరలేదు.